తల్లి పద్నాలుగు పెడితే కూతురు ఎన్ని పెడుతుంది?

పందుల పెంపకం మొదలుపెడదామనుకునేవాళ్లు మన దగ్గర పెరుగుతున్నారు. 100 ఆడ పందులు, 10 మగ పందులతో యూనిట్ పెడితే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద ఖర్చులో 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయలు సబ్సిడీ రావడం ఒక కారణం. యూట్యూబ్ వీడియోలు ఇంకో కారణం. షెడ్డు కట్టాక ముందు చేయాల్సిన పని తల్లి పందుల్ని కొనడం. అక్కడే ఒక మాట పదే పదే వినపడుతుంది: "దీని తల్లి ఒక్క ఈతలో పద్నాలుగు పిల్లలు పెట్టింది సార్." ఆ మాట మీదే పిల్ల ధర పెరుగుతుంది.

అమ్మేవాడు నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ కొనేవాడు అందులోంచి తీసుకునే అర్థం చాలాసార్లు తప్పు. తల్లి పద్నాలుగు పెట్టింది కాబట్టి కూతురు కూడా పద్నాలుగు, పోనీ పన్నెండైనా పెడుతుందని అనుకుంటాడు. జన్యుశాస్త్రం ఆ ఆశను బాగా తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుంది, ఎందుకు తగ్గిస్తుంది, అయినా డెన్మార్క్ లాంటి దేశాల్లో ఒక్కో తల్లి దగ్గర ఏడాదికి 30కి పైగా పిల్లలు పాలు మానే దశకు ఎలా వస్తున్నాయి అన్నదే ఈ వ్యాసం.

"పద్నాలుగు" అంటే ఏ పద్నాలుగు?

ముందు లెక్క దగ్గర గందరగోళం తీర్చుకోవాలి. పంది చూలు కాలం దాదాపు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుపెట్టుకుంటారు. ఆ తర్వాత వచ్చే ఈతలో పిల్లల్ని నాలుగు రకాలుగా లెక్కపెట్టొచ్చు.

ఒక ఈత తీసుకుందాం. మొత్తం 14 బయటకు వచ్చాయి. ఒకటి కడుపులోనే ఎండిపోయి నల్లగా ముద్దలా వచ్చింది. ఒకటి నిండుగా ఎదిగింది కానీ చచ్చి పుట్టింది. మిగతా 12 బతికి పుట్టాయి. మూడు రోజుల్లో రెండు తల్లి కింద నలిగిపోయాయి, ఒకటి పాలు అందక పోయింది. పాలు మాన్పించే నాటికి మిగిలినవి 9. ఈ ఒక్క ఈతనే 14 అనొచ్చు, 13 అనొచ్చు, 12 అనొచ్చు, 9 అనొచ్చు. నాలుగూ నిజమే. రైతుకు డబ్బు తెచ్చేది చివరి అంకె.

వీటిని వేర్వేరుగా చూడడానికి ఇంకో బలమైన కారణం ఉంది. మొత్తం ఎన్ని పుడతాయన్నది ఒక లక్షణం. పుట్టినవి ఎన్ని బతుకుతాయన్నది ఇంకో లక్షణం. రెండింటి వెనక ఉన్న జన్యువులు పూర్తిగా ఒకటి కావు, కొన్నిచోట్ల ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి కూడా. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

అనువంశికత: పేరు తెచ్చిన తికమక

పశు జన్యుశాస్త్రంలో "అనువంశికత" అనే అంకె ఒకటుంది. సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది. ఈత పరిమాణానికి, అంటే ఒక ఈతలో పిల్లల సంఖ్యకు, అది సుమారు 0.1. వీపు మీద కొవ్వు మందానికి 0.4, ఆపైన. పెరుగుదల వేగానికి 0.3 దరిదాపుల్లో.

0.1 అంటే "పది శాతమే జన్యువుల వల్ల, మిగతా తొంభై శాతం మేత వల్ల" అని చాలామంది అర్థం చేసుకుంటారు. అది సరికాదు. ఏ పందీ జన్యువులు లేకుండా ఒక్క పిల్లనైనా పెట్టలేదు. ఈ అంకె చెప్పేది పందుల మధ్య ఉన్న తేడాల గురించి. ఒక మందలో ఒకటి 7 పెట్టింది, ఒకటి 9, ఒకటి 13. ఈ తేడాల్లో పదో వంతు మాత్రమే పిల్లలకు అందే జన్యువుల తేడా వల్ల వచ్చింది. మిగతాదంతా ఎన్నో ఈత, ఎదలో ఏ గంటకు దాటించారు, ఆ నెల ఎండ ఎంత, మేత ఎలా ఉంది, కడుపులో ఇన్ఫెక్షన్ ఏమైనా తగిలిందా, ఇంకా ఎవరి చేతిలోనూ లేని యాదృచ్ఛికం.

కాబట్టి ఈ అంకె అన్ని మందలకూ ఒకేలా ఉండదు. అన్నిటికీ ఒకే మేత, ఒకే గది, ఒకే పద్ధతి ఉన్న షెడ్డులో పరిస్థితుల తేడా తగ్గి అనువంశికత కాస్త పెరుగుతుంది. ఊళ్లో వదిలేసి తిప్పే మందలో తగ్గుతుంది.

తల్లి, కూతురు, పెన్సిలు లెక్క

మందలో సగటు 9 పిల్లలు అనుకుందాం. ఒక పంది ఒక్క ఈతలో 13 పెట్టింది. సగటు కన్నా 4 ఎక్కువ.

అదే పంది వచ్చే ఈతలో ఎన్ని పెడుతుంది? ఒకే పంది ఈతల మధ్య పోలిక ఎంత ఉంటుందో చెప్పే అంకె సుమారు 0.15. నాలుగును 0.15తో గుణిస్తే 0.6. అంటే మనం ఆశించాల్సింది 9.6. పదమూడు పెట్టిన పందే మళ్లీ పదమూడు పెడుతుందని నమ్మడానికి లేదు.

ఇక కూతురు. నాలుగును 0.1తో గుణిస్తే 0.4. తల్లి నుంచి కూతురికి అందేది సగం జన్యువులే కాబట్టి 0.2. కూతురి నుంచి ఆశించేది 9.2 పిల్లలు. ఐదుగురు కూతుళ్లు ఒక్కో ఈత ఈనితే అన్నింటికీ కలిపి ఒక్క పిల్ల ఎక్కువ. ఆ ఒక్క పిల్ల కోసమే కొనేటప్పుడు అదనంగా డబ్బు పెడుతున్నాం.

ఇప్పుడు అదే పంది నాలుగు ఈతల సగటు 13 అనుకోండి. కథ మారుతుంది. నాలుగు ఈతల్లో అదృష్టం ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయి కొంత చల్లబడుతుంది. లెక్క కడితే మంద సగటు కన్నా ఎక్కువున్న ఆ నాలుగులో 0.28 వంతు దాకా నమ్మొచ్చు. నాలుగు ఇంటూ 0.28 అంటే 1.1, కూతురికి అందులో సగం 0.55. ఒక్క ఈత రికార్డు కన్నా నాలుగు ఈతల రికార్డుకు విలువ దాదాపు మూడింతలు. పందిలో తేడా ఏమీ లేదు. పుస్తకంలో రాసిన వరుసలే పెరిగాయి.

0.1తోనే ఇంత దూరం ఎలా వచ్చారు

అనువంశికత ఇంత తక్కువైతే ఎంపిక చేసి లాభం లేదన్నది చాలాకాలం నడిచిన వాదన. 1960లు, 70ల్లో చాలా దేశాల్లో బ్రీడర్లు పెరుగుదల, కొవ్వు మీదే దృష్టి పెట్టడానికి ఇదొక కారణం. ఆ వాదనలో తర్కం ఉంది, కానీ ఒక విషయం వదిలేసింది. ఈత పరిమాణంలో తేడాలు చాలా పెద్దవి. ఒకే షెడ్డులో 5 పెట్టేదీ ఉంటుంది, 16 పెట్టేదీ ఉంటుంది. అంత పెద్ద తేడాలో పదో వంతైనా తక్కువేమీ కాదు. సరైన పందిని గుర్తుపట్టడమే కష్టం.

ఫ్రాన్స్‌లో జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ 1970ల్లో ఒక దారి పట్టింది. దేశవ్యాప్తంగా వేల మందల ఈత రికార్డుల్ని కంప్యూటర్‌లో జల్లెడ పట్టి, వరసగా అనేక ఈతల్లో అసాధారణంగా ఎక్కువ పెట్టిన లార్జ్ వైట్ అనే సీమ జాతి తల్లుల్ని మాత్రమే ఏరారు. వాటి కొడుకుల్ని తీసుకుని, మళ్లీ అలాంటి తల్లులతోనే కలుపుతూ పోయారు. "అతి సంతాన" వరుస అని పేరొచ్చింది.

తర్వాత వచ్చింది బంధువుల లెక్క. ఒక ఆడ పంది గురించి దాని సొంత ఈతలే కాకుండా తల్లి, అక్కచెల్లెళ్లు, మేనత్తలు, సవతి చెల్లెళ్లు ఏం పెట్టారో కూడా కలిపి అంచనా కట్టే గణిత పద్ధతి ఉంది. బ్రీడర్లు దాన్ని బ్లప్ అంటారు. 1980లు, 90ల్లో పందుల్లోకి వచ్చింది. దీని బలం మగ పందిని అంచనా కట్టడంలో బాగా కనపడుతుంది. మగది ఈనదు కదా, దాని విలువ తెలిసేది కూతుళ్ల వల్లే. 20 మంది కూతుళ్లు ఒక్కో ఈత ఈనితే ఆ మగ పంది అసలు విలువ గురించి మూడో వంతు తెలుస్తుంది. 40 మంది ఈనితే సగం తెలుస్తుంది. అప్పటికి ఆ మగ పంది ముసలిదైపోతుంది. అదే ఈ పద్ధతికి ఉన్న ఇబ్బంది.

ఆ ఇబ్బందిని తగ్గించింది జీనోమిక్ ఎంపిక. 2001లో దాని సిద్ధాంతం వచ్చింది. 2009లో పందుల డీఎన్‌ఏలో సుమారు 60 వేల చోట్ల తేడాల్ని ఒకేసారి చదివే చిప్ తయారైంది. 2012లో పంది జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ వరస, ప్రచురితమైంది. పుట్టిన కొన్నాళ్లకే చెవి తునకలోంచి డీఎన్‌ఏ తీసి, ముందే రికార్డులున్న వేల పందులతో పోల్చి, ఆ పిల్ల విలువ చెప్పొచ్చు. అయితే ఆ పోలికకు వేల పందుల ఈత రికార్డులు ముందే ఉండాలి. చిప్ కొనగానే పని అయిపోదు.

ఒక ఈత వెనక ఉన్న మెట్లు

పిల్లల సంఖ్య ఒక్క లక్షణంలా కనపడుతుంది గానీ, నాలుగైదు మెట్లు దాటి వచ్చిన ఫలితం అది. ఒక ఎదలో 20 అండాలు విడుదలయ్యాయనుకుందాం. సరైన సమయానికి దాటిస్తే 19 దాకా ఫలదీకరణ చెందుతాయి, పందుల్లో ఆ మెట్టు దగ్గర నష్టం తక్కువ. మొదటి నెలలో ఐదారు పిండాలు పోతాయి. తర్వాత గర్భసంచిలో చోటు, రక్తం సరిపోక ఇంకో రెండు పోవచ్చు. చివరికి ఈతలో 11 వస్తాయి.

ఒక్కో మెట్టుకు దాని అనువంశికత దానికుంది. అండాల సంఖ్యకు 0.3, అంతకన్నా ఎక్కువ కూడా. పిండాలు నిలబడడానికి తక్కువ. మరి అండాలు బాగా వంశంలో వస్తున్నాయి కాబట్టి వాటినే పెంచితే పిల్లలు పెరగరా? అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం సరిగ్గా ఇదే చేసి చూసింది. తొమ్మిది తరాల పాటు ఎక్కువ అండాలు విడుదల చేసే పందుల్నే ఎంచుకున్నారు. ఎదకు మూడు నుంచి నాలుగు అండాలు పెరిగాయి. ఈతలో పెరుగుదల మాత్రం ఒక్క పిల్ల కూడా లేదు. అదనంగా వచ్చిన అండాలన్నీ తర్వాతి మెట్ల దగ్గర రాలిపోయాయి. పది మంది కూర్చునే ఆటోకు ఇరవై మంది వచ్చినా వెళ్లేది పది మందే.

దీనికి పూర్తిగా రెండో వైపున ఉన్నది చైనాలో తైహు సరస్సు ప్రాంతపు మీషాన్ పంది. ముడతల ముఖం, వేలాడే చెవులు. మూడు నెలల వయసుకే ఎదకొస్తుంది, లార్జ్ వైట్ లాంటి సీమ పందులకు ఆరేడు నెలలు పడుతుంది. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు ఎక్కువ పెడుతుంది. 1979లో ఫ్రాన్స్, 1987లో బ్రిటన్, 1989లో అమెరికా దీన్ని తెప్పించుకున్నాయి. లోపల చూస్తే రహస్యం అండాల సంఖ్యలో పెద్దగా లేదు. మీషాన్ పిండాలు మొదట్లో నెమ్మదిగా పెరుగుతాయి, ఒక్కో పిండం మాయ (ప్లాసెంటా) చిన్నది, కానీ అందులో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఒక్కొక్కటి తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి అదే గర్భసంచిలో ఎక్కువ పడతాయి. పిల్లలు కిలో దరిదాపుల్లోనే పుడతాయి, అయినా బతుకుతాయి.

అయితే ప్రపంచమంతా మీషాన్లే ఎందుకు లేవు? అవి నెమ్మదిగా పెరుగుతాయి, ఒళ్లంతా కొవ్వు. పిల్లల్లో వచ్చిన లాభం మాంసంలో పోయింది. అందుకే పాశ్చాత్య బ్రీడర్లు దాన్ని నేరుగా పెంచకుండా, కొంత రక్తాన్ని మాత్రం తమ వరుసల్లో కలుపుకున్నారు.

"ఎక్కువ పిల్లల జన్యువు" దొరికిందా?

1996లో అమెరికాలోని ఐయోవా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈస్ట్రోజెన్ గ్రాహక జన్యువులో ఒక తేడా పట్టుకున్నారు. ఏ జన్యువుకైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటాయి. మీషాన్ రక్తం కలిసిన వరుసల్లో ఆ మంచి రూపం ఒక్కో ప్రతికి ఒక పిల్ల కన్నా ఎక్కువే కలిసొచ్చినట్టు కనపడింది. లార్జ్ వైట్ వరుసల్లో అది 0.4 దాకా. పెద్ద సంచలనమైంది. ఒక్క రక్తపరీక్షతో మంచి తల్లుల్ని ఏరేయొచ్చని ఆశ పుట్టింది.

తర్వాత వేరే దేశాల్లో, వేరే మందల్లో అదే పరీక్ష చేస్తే ఫలితాలు రకరకాలుగా వచ్చాయి. కొన్నిచోట్ల లాభం, కొన్నిచోట్ల ఏమీ లేదు. ఎందుకు? ఒక వివరణ ప్రకారం అసలు పనిచేసే తేడా దాని పక్కన ఎక్కడో ఉంది, పట్టుకున్నది గుర్తు మాత్రమే. జాతి మారితే గుర్తుకూ అసలు దానికీ లింకు తెగిపోతుంది. ఇంకో వివరణ, మిగతా జన్యువుల నేపథ్యాన్ని బట్టి దాని పని మారుతుంది. రెండింటిలోనూ నిజం ఉండొచ్చు. నా మటుకు నేను ఇందులోంచి తీసుకున్నది ఇది: ఈత పరిమాణం వందల, వేల జన్యువుల చిన్న చిన్న పనుల మొత్తం. "మా దగ్గర ఫలానా జన్యువు పరీక్ష చేసిన పిల్లలున్నాయి" అనే మాటకు ఆ మందలోనే దాన్ని సరిచూసిన రికార్డు తోడు లేకపోతే బరువు లేదు.

పెంచే జన్యువు ఒక్కటి దొరకడం ఇంత కష్టమైతే, ఒక్కటే అయి ఈతను తగ్గించే జన్యులోపాలు మాత్రం స్పష్టంగా దొరుకుతున్నాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2018లో ఒక లార్జ్ వైట్ వరుసలో ఇలాంటిది బయటపెట్టారు. డీఎన్‌ఏలో రెండు లక్షలకు పైగా అక్షరాల ముక్క ఒకటి ఎగిరిపోయింది. ఒక ప్రతిలో పోయిన పంది ఆరోగ్యంగానే ఉంటుంది, పైగా వేగంగా పెరుగుతుంది. రెండు ప్రతుల్లోనూ పోయిన పిండం కడుపులోనే చనిపోతుంది. లెక్క చూడండి: తండ్రీ తల్లీ ఇద్దరూ ఒక్కో ప్రతి మోస్తుంటే పిండాల్లో నాలుగో వంతు పోతాయి. 12 నిలబడాల్సిన చోట 9 మిగులుతాయి. ఎండిపోయిన ముద్దలు ఎక్కువ వస్తాయి. వేగంగా పెరుగుతున్నాయని ఆ పందుల్నే ఎంచుకుంటూ పోవడం వల్ల ఆ లోపం మందలో పదింటిలో ఒకదానికి దాకా పాకింది. మంచి లక్షణం కోసం చేసిన ఎంపికే చెడును మోసుకొచ్చిన సందర్భం ఇది.

పద్నాలుగు పిల్లలు, పన్నెండు చన్నులు

ఈనిన తల్లి పక్కకు ఒరిగి పడుకుని ఉంటే ఒక పది నిమిషాలు ఆ పక్కన కూర్చుని చూడండి. పుట్టిన పిల్ల ఒళ్లు ఆరకముందే లేస్తుంది. తడబడుతూ తల్లి వెనక కాలు చుట్టూ తిరిగి, పొట్ట వెంట మూతి రాసుకుంటూ చన్ను వెతుకుతుంది. గంటల్లోనే పోట్లాట మొదలవుతుంది. పుట్టేటప్పటికే సూదుల్లాంటి పళ్లుంటాయి, వాటితో పక్కదాని బుగ్గ గీరుతాయి. ముందు కాళ్ల దగ్గరి చన్నులకు పాలు ఎక్కువ, బలమున్న పిల్లలు అవి పట్టేస్తాయి. కొద్ది రోజుల్లో ఏ పిల్ల ఏ చన్నుదో ఖాయమైపోతుంది, ఆ తర్వాత మారదు. తల్లి గుర్రుమంటూ పిలిచాక పాలు దిగేది ఇరవై క్షణాల పాటే. ఆ ఇరవై క్షణాల్లో చన్ను లేని పిల్లకు ఏమీ దక్కదు. ఒక గంట ఆగి మళ్లీ అదే. చివరికి అది తల్లి వెచ్చదనం కోసం పొట్టకు ఆనుకుని పడుకుంటుంది, తల్లి పొర్లినప్పుడు నలిగేది చాలాసార్లు అదే.

ఈతలో ఒక్కో పిల్ల పెరిగే కొద్దీ సగటు పుట్టుక బరువు 35–40 గ్రాములు తగ్గుతుంది. 10 పిల్లల ఈతలో సగటు 1.5 కిలోలైతే 15 పిల్లల ఈతలో 1.3 దగ్గరకు వస్తుంది. సగటు అంత తగ్గకపోయినా, కిలో లోపు పుట్టే చిన్నవాటి సంఖ్య పెరుగుతుంది. మొత్తం పుట్టిన పిల్లల కోసమే ఎంపిక చేస్తే చావులు కూడా జన్యుపరంగానే పెరుగుతాయి. మొదట్లో చెప్పిన ఎదురు నడక ఇదే.

డెన్మార్క్ బ్రీడర్లు ఇది గుర్తించి 2004లో తమ లక్ష్యం మార్చారు. మొత్తం పుట్టినవి కాకుండా ఐదో రోజుకు బతికున్న పిల్లల్ని లెక్కపెట్టి, ఆ అంకె మీద ఎంపిక చేయడం మొదలుపెట్టారు. ఎక్కువ చావులు ఆ ఐదు రోజుల్లోపే జరుగుతాయి కాబట్టి ఒక్క అంకెలో పుట్టుకా, బతుకూ రెండూ పట్టుబడతాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ వరుసల్లో ఈత పెరిగింది, చావుల శాతం తగ్గింది.

దీని మీద రెండు అభిప్రాయాలు నడుస్తున్నాయి. సమర్థించేవాళ్లు అంటున్నది, ఎంపికే సమస్య తెచ్చింది, ఎంపికే తీరుస్తోంది, అంకెలే సాక్ష్యం. వ్యతిరేకించేవాళ్లు అంటున్నది, శాతం తగ్గినా ఈతకు పోయే పిల్లల సంఖ్య ఇంకా ఎక్కువే, తల్లికి ఉన్న చన్నుల కన్నా ఎక్కువ పిల్లలు పుడుతుంటే మిగిలినవాటిని వేరే పాల తల్లికి అంటగట్టాల్సి వస్తోంది, తల్లి ఒంటి మీద భారం పెరుగుతోంది. నాకు రెండో వైపు వాదన బలంగా కనపడుతుంది, ముఖ్యంగా మన పరిస్థితుల్లో. అక్కడ రాత్రంతా ఈతల దగ్గర కాపలా ఉండే మనిషి ఉంటాడు, వేడి దీపాలుంటాయి, అదే రోజు ఈనిన ఇంకో ఇరవై తల్లులుంటాయి. పది తల్లులున్న రైతుకు అదే రోజు ఈనిన రెండో తల్లి దొరకడమే కష్టం.

చన్నుల సంఖ్యకు మాత్రం అనువంశికత బాగానే ఉంది, 0.2 నుంచి 0.4 దాకా. పైగా పుట్టిన రోజే లెక్కపెట్టొచ్చు, మగ పిల్లల్లో కూడా. వెన్నుపూసల సంఖ్యను పెంచే వెర్ట్నిన్ అనే జన్యువుకు చన్నులతోనూ సంబంధం ఉన్నట్టు తేలింది. పొడుగు వీపున్న పందికి చన్నులు ఎక్కువ ఉండడం ఊరికే కాదు. 14 చన్నులున్నాయా, అన్నీ తెరుచుకున్నాయా అని చూడడానికి ఏ చిప్పూ అక్కర్లేదు.

మగ పంది మీద పడే పేరు, నింద

ఈత బాగుంటే "మగది మంచిది" అనడం, తక్కువైతే మగదాన్ని మార్చడం మన దగ్గర అలవాటు. జన్యుపరంగా ఈత పరిమాణం తల్లి లక్షణం. దాటిన మగ పంది జన్యువుల ప్రభావం ఆ ఈత మీద తక్కువ, దాని కూతుళ్ల ఈతల మీద కనపడుతుంది.

కానీ రెండు సందర్భాల్లో మగదాన్నే అనుమానించాలి. ఒకటి జన్యుపరమైనది. పందికి 38 క్రోమోజోములు. రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారిపోతే ఆ మగ పంది చూడడానికి మామూలుగానే ఉంటుంది, వీర్యం కూడా మామూలే. దాని పిండాల్లో చాలా వాటికి మాత్రం జన్యు సామగ్రి ఎక్కువో తక్కువో అయి మొదట్లోనే పోతాయి. ఈత పావు వంతు నుంచి సగం దాకా పడిపోతుంది. 1964లో స్వీడన్‌లో మొదట గుర్తించారు. ఫ్రాన్స్‌లో వీర్య కేంద్రాలకు వెళ్లే మగ పందుల క్రోమోజోముల్ని తులూజ్‌లోని పశువైద్య కళాశాల పరీక్షిస్తుంది.

రెండోది జన్యుపరం కాదు, ఎండ. వీర్యకణం తయారై బయటకు రావడానికి ఆరు వారాలు పడుతుంది. రోహిణి కార్తె ఎండలో మగ పంది వగరుస్తూ పడుకుంటే, దాని దెబ్బ జూన్‌లో, జూలై మొదటి వారాల్లో దాటించిన వాటి మీద పడుతుంది. 114 రోజులు కలపండి. దసరా, దీపావళి రోజుల్లో చిన్న ఈతలు వస్తాయి. అప్పటికి ఎండ ఎవరికీ గుర్తుండదు, "ఈ జాతి మంచిది కాదు" అన్న మాట మిగులుతుంది.

సంకరం ఎందుకు కలిసొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

అనువంశికత తక్కువున్న లక్షణాల్లో సంకర లాభం ఎక్కువ. రెండు వేర్వేరు జాతుల్ని కలిపితే పుట్టిన ఆడది, తల్లిదండ్రుల సగటు కన్నా ఈతకు అర పిల్ల, అంతకు కాస్త పైన ఎక్కువ ఇస్తుంది. వాణిజ్య ఫారాల్లో తల్లి దాదాపు ఎప్పుడూ లార్జ్ వైట్, లాండ్రేస్ జాతుల సంకరం కావడానికి కారణమిదే.

ఈ లాభం తర్వాతి తరానికి పూర్తిగా రాదు. ఆ సంకర ఆడదాన్ని అదే రకం సంకర మగదానితో దాటిస్తే లాభం సగానికి పడిపోతుంది. మంచి సంకర తల్లిని కొని, దాని కూతుళ్లనే మళ్లీ తల్లులుగా పెట్టుకున్న రైతు రెండో తరంలో "క్వాలిటీ పడిపోయింది" అంటాడు. అమ్మినవాడు మోసం చేశాడనుకుంటాడు. అక్కడ జరిగింది ఇదే.

దీనికి తిరగబడ్డ రూపం మేనరికం. షెడ్డులో ఒకే మగ పంది ఉంటే రెండేళ్లలో అది తన కూతుళ్లనే దాటుతుంది. అలా పుట్టిన పిల్లల్లో 25 శాతం చోట్ల రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండే అవకాశం ఉంది. దాగున్న లోపాలు బయటపడేది అప్పుడే. ఈత తగ్గుతుంది, బతికేవి తగ్గుతాయి.

మన రాష్ట్రాల దగ్గరికొస్తే, తిరుపతి పశువైద్య కళాశాలలో అఖిల భారత సమన్వయ పందుల పరిశోధన పథకం కేంద్రం ఏళ్లుగా పనిచేస్తోంది. అక్కడ తయారైన టీ-17 రకంలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తం. ఆ పావు వంతు మీద కూడా చర్చ ఉంది. పూర్తి సీమ పంది వైపు మాట్లాడేవాళ్లు ఈత, పెరుగుదల రెండూ చూపిస్తారు. నాటు రక్తం ఉండాలనేవాళ్లు మన ఎండ, మిగులు అన్నం, కూరగాయల తొక్కుల మేత, చిన్న రైతు షెడ్డు చూపిస్తారు. నాటు పంది నాలుగు నుంచి ఎనిమిది పెడుతుంది, కానీ వాటిని అదే సాకుతుంది. నాటు అనగానే తక్కువ సంతానం అనుకోవడమూ సరికాదు. ఉత్తర బెంగాల్‌లోని ఘుంగ్రూ దేశంలో నమోదైన తొలి పంది జాతి. ఆరు నుంచి పన్నెండు దాకా పెడుతుంది. గువాహటి దగ్గర రాణిలో ఉన్న జాతీయ పంది పరిశోధన కేంద్రం హాంప్‌షైర్ అనే సీమ జాతితో దాన్ని కలిపి రాణి అనే సంకర రకాన్ని ఇచ్చింది.

జన్యు సవరణ వార్త, ఈతతో దాని సంబంధం

2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జన్యు సవరణ చేసిన పందికి అనుమతి ఇచ్చింది. "ఎక్కువ పిల్లల్ని పెట్టే పంది వచ్చేసింది" అని ఆ వార్తను కొందరు అర్థం చేసుకున్నారు. అందులో సవరించింది సీడీ163 అనే ఒక్క జన్యువును. పీఆర్‌ఆర్‌ఎస్ అనే వైరస్ కణంలోకి దూరడానికి వాడే తలుపు అది. ఆ జబ్బు వస్తే చూడి పందులు ఈసుకుపోతాయి, పిల్లలు చచ్చి పుడతాయి. కాబట్టి ఈ సవరణ ఈతను పెంచదు, ఒక జబ్బు వల్ల పోయే ఈతను కాపాడుతుంది. వేల జన్యువుల మొత్తమైన ఈత పరిమాణాన్ని ఒక్క కత్తిరింపుతో పెంచే మార్గం కనుచూపు మేరలో లేదు.

రెండు పిల్లలు, ఒక నిర్ణయం

మొదటి మాటకు తిరిగి వద్దాం. మంద సగటు 9. అమ్మకానికి రెండు ఆడ పిల్లలున్నాయి. మొదటి దాని తల్లి ఒకే ఈత ఈనింది, 14 పెట్టింది. రెండో దాని తల్లి ఐదు ఈతలు ఈనింది, సగటు 11.

మొదటి తల్లి సగటు కన్నా 5 ఎక్కువ. ఒక్క ఈతే కాబట్టి 0.1తో గుణించి సగం చేస్తే కూతురికి 0.25. ఆశించేది 9.25.

రెండో తల్లి సగటు కన్నా 2 మాత్రమే ఎక్కువ. ఐదు ఈతల రికార్డుకు నమ్మకం 0.31. రెండుతో గుణించి సగం చేస్తే కూతురికి 0.31. ఆశించేది 9.31.

పదకొండు పెట్టిన తల్లి కూతురే వెంట్రుకవాసి ముందుంది. దాని గురించి ఇంకో సంగతి కూడా మనకు తెలుస్తుంది: ఐదు ఈతల్లో ఎన్నిటికి పాలిచ్చి పెంచిందో, ఐదో ఈత దాకా కాళ్లు, పొదుగు నిలబడ్డాయో లేదో. పద్నాలుగు పెట్టిన తల్లి గురించి అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. వాటిలో బతికి పుట్టినవి ఎన్ని, పాలు మానినవి ఎన్ని, దానికి చన్నులు ఎన్ని, ఏ మగ పందితో దాటించారు. అమ్మేవాడి దగ్గర పుస్తకం ఉంటే ఐదు నిమిషాల్లో చూసి చెప్తాడు.